ఇంటిపేరు ఒకటైతే వారసుడైపోడు: స్పోర్ట్స్ కార్ల మీద అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మాది సస్పెన్షన్, అలైన్‌మెంట్ షాపు. అంతకుముందు తొమ్మిదేళ్లు షార్జాలో ఒక గ్యారేజీలో చేశా, పాత టయోటా సుప్రాలు, పోర్షా 911లు, మాజ్డా ఎమ్ఎక్స్-5లు లాంటి స్పోర్ట్స్ కార్ల మీద అక్కడ చేతినిండా పనిచేశా. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ వచ్చే కుర్రాళ్లు బండి జాకీ మీద ఉండగానే ఫోన్లో వీడియో పెట్టి "అన్నా, ఈ కొత్తది ఆ పాతదానికి నిజంగా వారసుడేనా?" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే కొన్ని తప్పు మాటలు మరీ గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: కొత్త సుప్రాలో బీఎండబ్ల్యూ ఇంజను ఉంది, కాబట్టి అది సుప్రానే కాదు.

వాస్తవం: ఇంజను బీఎండబ్ల్యూదే, 2019లో బీఎండబ్ల్యూ వాళ్ల జెడ్4 కారుతో పాటు కవలల్లాగ వచ్చింది, తయారైంది ఆస్ట్రియాలో గ్రాజ్‌లో, ఇదంతా నిజమే. కానీ 1978 నుంచీ సుప్రా అంటే ఏటి? ముందు ఒకే వరసలో ఆరు సిలిండర్లు, తోసేది వెనక చక్రాలు. అందరూ దండం పెట్టే పాత సుప్రా ఇంజను 2జేజెడ్ 2997 సీసీ, ఈ కొత్తది 2998 సీసీ, రెండూ వరస ఆరే. ఆ వరస తప్పకూడదనే టయోటా బయటి ఇంటి గడప తొక్కింది. 1967లో వచ్చిన వాళ్ల 2000జీటీ ఇంజను కూడా యమహాతో కలిసి చేసిందే కదా. నాకున్న అభ్యంతరం వేరు. పాత సుప్రా నాలుగు సీట్లతో దూరప్రయాణానికి సాగే బండి, కొత్తది రెండు సీట్లు, చక్రాల మధ్య దూరం 2470 మిల్లీమీటర్లే, అంటే టయోటా వాళ్లదే చిన్న స్పోర్ట్స్ కారు 86 కన్నా పొట్టి. వంపుల్లో చురుగ్గా తిరుగుతాది, కానీ స్వభావం మారిపోయింది. ఇంజను గురించి కొట్టుకునేవాళ్లు ఇది అస్సలు చూడరు.

అపోహ: పోర్షా 911కి నీళ్లు పోసిన రోజే దాని ప్రాణం పోయింది.

వాస్తవం: 1998 దాకా 911 ఇంజనుకి రేడియేటర్ నీళ్లు లేవు, ఫ్యాను గాలి, దాంతోపాటు ఆయిల్, ఈ రెండే చల్లబరచాలి, అందుకే దానికి అంత ఆయిల్ పడతాది. నేను చేరిన కొత్తలో ఒక 993కి (గాలితో చల్లబడే ఆఖరి తరం 911) ఆయిల్ మార్చారు, ఒక కుర్రాడు ఇంజను ఆపేసి చల్లారాక గేజీ తీసి చూశాడు, పొడిగా ఉంది, తక్కువైందనుకుని ఇంకా పోసేశాడు. స్టార్ట్ చేస్తే గ్యారేజీ అంతా నీలం పొగ. ఆ బండికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటాది, ఇంజను బాగా వేడెక్కి, చదునైన నేల మీద, స్టార్టింగ్‌లో ఉండగానే గేజీ చూడాలి. అంత చిత్రమైన యంత్రాన్ని ప్రేమించినవాళ్లకి నీళ్లు రావడం ఎందుకు బాధనిపించిందో నాకు తెలుసు. కానీ ఒక్కో సిలిండరుకి నాలుగు వాల్వులు పెట్టాలంటే, పొగ రూల్సూ శబ్దం రూల్సూ దాటాలంటే గాలి చాలదు.

911ని 911 చేసేది గాలి కాదు, బరువు ఉన్న చోటు. ఇంజను వెనక ఇరుసుకి కూడా వెనకాల వేలాడుతుంటాది. ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి ఎలా పైకి లేస్తాదో మన పెద్దోళ్లకి తెలుసు, ఇదీ అంతే, గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కితే ముందు చక్రాలు తేలికవుతాయి, వంపు మధ్యలో కంగారుపడి కాలు తీశావో వెనకభాగం బయటికొచ్చేస్తాది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించినప్పుడు ఇంజను ఎక్కడుందో ఈరోజు అమ్మే 911లోనూ అక్కడే ఉంది. అరవై ఏళ్లు ఆ కష్టమైన చోటుని వదలకుండా దాన్నే సరిచేసుకుంటూ వచ్చారు.

అపోహ: ఇప్పటి సేఫ్టీ రూల్స్‌తో బరువు పెరక్క తప్పదు.

వాస్తవం: కొంత పెరుగుతాది, నిజమే. కానీ ఎంత పెరగనివ్వాలనేది కంపెనీ చేతిలో పని. ఫ్రాన్స్ ఆల్పైన్ ఏ110 చూడండి, 1973లో మొదటిసారి పెట్టిన ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచిన బండి. 2017లో మళ్లీ తెచ్చినప్పుడు ఇంజనుని వెనక నుంచి మధ్యలోకి జరిపారు, అయినా నేను ఒప్పుకుంటా, ఎందుకంటే బరువు 1100 కిలోల దగ్గరే ఆపారు, బాడీ అల్యూమినియం, ఒక్కో సీటు 13.1 కిలోలు. మా షాపులో మామూలు కారు సీటు విప్పి బయట పెట్టాలంటే నడుం పట్టేస్తాది. ఇక్కడ కుర్రాళ్లేమో స్విఫ్ట్‌కి బరువైన 17 అంగుళాల వీల్స్ వేయించుకుని తప్తపాణి ఘాట్ ఎక్కి, స్టీరింగ్ మొద్దుబారిందని మళ్లీ నా దగ్గరకే వస్తారు. ముందు బరువు తగ్గించు నాన్నా, హార్స్‌పవర్ సంగతి తర్వాత చూద్దాం.

అపోహ: పాత పేరు ఎవరికుంటే వాళ్లే వారసులు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఫోర్డ్ వాళ్లు నాలుగు డోర్ల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి కూడా మస్టాంగ్ అని పేరు పెట్టారు, దాన్ని 1964 మస్టాంగ్ పక్కన నిలబెట్టి చుట్టరికం ఎక్కడుందో మీరే చూసుకోండి. కానీ అసలు సాక్ష్యం 1989లో ఉంది. లోటస్ ఎలాన్ 1962లో వచ్చిన చిన్న బండి, 1.6 లీటర్ ఇంజను ముందు, తోపు వెనక, మధ్యలో వెన్నెముకలాగ స్టీలు ఛాసిస్, మొదటివి 700 కిలోల్లోపే. 1989లో లోటస్సే కొత్త ఎలాన్ తెచ్చింది, పేరదే, కంపెనీ అదే, కానీ ఇసుజు ఇంజను, లాగేది ముందు చక్రాలు. రోడ్డుని బాగానే పట్టుకునేది, ఆ మాట కాదనను, కానీ ఎలాన్ కాదు. అదే ఏడాది జపాన్ నుంచి మాజ్డా వాళ్లు ఎమ్ఎక్స్-5 తెచ్చారు. 1.6 లీటర్, ముందు ఇంజను, వెనక తోపు, టన్నులోపు బరువు. ఇంటిపేరు వేరు, దేశం వేరు, కానీ కర్మకాండ చేసిన దత్తపుత్రుడు ఇతనే. 2015లో వచ్చిన నాలుగో తరం కూడా టన్ను చుట్టుపక్కలే ఆగింది, నన్నడిగితే ఈరోజు షోరూముకి వెళ్లి కొనుక్కోగల బండ్లలో పాతకాలం బండి వారసత్వాన్ని అందరికన్నా బాగా మోస్తున్నది ఇదే, 911 దాని తర్వాతే.

గేర్‌బాక్స్ దింపడానికి మొదటిసారి ఎమ్ఎక్స్-5 కిందకి దూరినప్పుడు చూశా. గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా పొడుగ్గా అల్యూమినియం దూలం ఒకటి బిగించి ఉంటాది, వంతెన గర్డర్‌లాగ మధ్యమధ్యలో ఖాళీలు. దాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు ఎత్తు కొలిచి బిగించాలి, తేడా వస్తే బండంతా వణుకుతాది. సరిగ్గా కూర్చుంటే గ్యాస్ మీద కాలు వేసిన క్షణంలోనే వెనక చక్రాలు జవాబిస్తాయి, మధ్యలో ఎక్కడా సాగుడుండదు. ఆరోజు బోల్టులు బిగించి, పానా పక్కన పెట్టి, ఓనరు తాళాలిస్తే ఫుజైరా కొండల రోడ్డు మీద నలభై నిమిషాలు తోలా, ఎక్కడా అరవై దాటలేదు, దాటాలనీ అనిపించలేదు.