పల్లె దృశ్యంలో మనుషులు: అపోహలు - వాస్తవాలు

పల్లె బొమ్మ వేస్తుంటే చెట్లు, పొలాలు, ఆకాశం చక్కగా కుదురుతాయి. మనుషుల్ని పెట్టగానే కత్తిరించి అతికించినట్టు ఉంటారు. ఇది చెయ్యి తిరగకపోవడం వల్ల కాదు. చాలాసార్లు కొన్ని నమ్మకాలే అడ్డొస్తాయి.

అపోహ: దూరపు మనిషిని చిన్నగా, కాస్త పైకి వేస్తే చాలు.
వాస్తవం: ఎంత చిన్నగా, ఎంత పైకి అన్నది మీ కంటి మట్టం తేలుస్తుంది. చదునైన నేల మీద నిలబడి చూస్తుంటే, మీ ఎత్తున్న వాళ్లందరి కళ్లూ క్షితిజరేఖ (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) మీదే ఉంటాయి, దగ్గరున్నా దూరమున్నా. మారేది పాదాల చోటే. స్టూలు మీద కూర్చుని గీస్తుంటే అదే రేఖ అందరికీ ఛాతీ దగ్గర పడుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1857లో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లను వేశాడు. వంగిన ఇద్దరి తలలు క్షితిజరేఖకు బాగా కిందే ఉంటాయి. వాళ్లు ఆ నేలకు చెందినవాళ్లని చూడగానే తెలుస్తుంది.

అపోహ: దూరమంటే నీలం కలపడమే.
వాస్తవం: దూరం పెరిగేకొద్దీ ముందు పాలిపోయేవి ముదురు రంగులు. మధ్యనున్న గాలి వెలుగును చెదరగొట్టి వాటికి నీలి ఛాయ తెస్తుంది. తెలుపు దారి వేరు: కాంతి తగ్గి, కొంచెం పసుపు వైపు తిరుగుతుంది. అందుకే దూరపు మనిషి జుట్టును నీలి బూడిదలోకి తెచ్చి, తెల్ల చొక్కాలో చిటికెడు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. ఇక సాయంత్రం దుమ్ము లేస్తే దూరమంతా బంగారు రంగే.

అపోహ: నీడకు నలుపు కావాలి.
వాస్తవం: నీడలో ఎండ ఉండదు గానీ వెలుగు ఉంటుంది. భుజం లాంటి, పైకి తిరిగిన భాగాల మీద ఆకాశపు నీలం పడుతుంది. గడ్డం కింద నేల వెలుగు పడుతుంది: పచ్చిక మీదైతే ఆకుపచ్చ, ఎండిన ఎర్రమట్టి మీదైతే నారింజ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఈ ఒక్క ముక్కతో మనిషి ఆ చోటివాడైపోతాడు. బాగా ముదురు కావాలంటే అల్ట్రామెరైన్‌లో (ముదురు నీలం) బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలపండి. నలుపు ట్యూబు జోలికి వెళ్లనక్కర్లేదు.

అపోహ: కళ్లు, ముక్కు లేకపోతే మనిషిలా ఉండడు.
వాస్తవం: దూరాన మనిషిని పట్టిచ్చేది నిలుచున్న తీరు. పెద్దవాళ్ల ఎత్తులో తల ఏడున్నరో వంతు మాత్రమే. అది కాస్త పెరిగినా పిల్లాడిలా కనిపిస్తాడు. ఒంటికాలిపై బరువు వేసి నిలబడితే గొంతు కింది గుంట ఆ పాదానికి సూటిగా పైన ఉండాలి. పాదాల చుట్టూ గీత గీయకండి. రెండు మూడు గడ్డిపోచలు వాటి మీదుగా లాగి, నీడను మడమ దగ్గర్నుంచే మొదలుపెట్టండి.