ప్యాచ్ వచ్చాక వేసేదెవరు?

2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు స్టేషన్లలో కంప్యూటర్ల తెరలు ఎర్రగా మారిపోయాయి. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టండి, మూడు రోజులు దాటితే రెట్టింపు, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోండి అని వాటి మీద రాసి ఉంది. పక్కనే గడువు ఎంత మిగిలిందో చూపిస్తూ రెండు గడియారాలు. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. వానాక్రై అనే ఆ రాన్సమ్‌వేర్ మే 12న మొదలై, రోజుల వ్యవధిలో సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది.

ఆ వారమంతా కొత్త వైరస్ వచ్చిందనే మాటే ఎక్కడ చూసినా. నిజానికి విండోస్‌లో అది చొరబడిన లొసుగును మూసే సవరణను, అంటే ప్యాచ్‌ను, మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. మధ్యలో దాదాపు రెండు నెలల టైమ్ ఉంది. ప్యాచ్ వచ్చిన రోజుకూ దాడి జరిగిన రోజుకూ మధ్య నడిచే ఈ కథే కంప్యూటర్ భద్రత చరిత్రలో మళ్లీ మళ్లీ జరుగుతూ వస్తోంది.

1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) అప్పటి చిన్న ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను స్తంభింపజేసింది. ఎవరికి ఫోన్ చేయాలో, విరుగుడు ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియలేదు. ఆ గందరగోళంలోంచే కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సెర్ట్ (కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం) కేంద్రం పుట్టింది. మన దేశంలో సెర్ట్-ఇన్ 2004లో మొదలైంది. లోపం కనిపిస్తే హెచ్చరించే ఏర్పాటు అలా కుదిరింది. హెచ్చరిక అందుకున్నవాళ్లు ఏం చేస్తారన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది.

2003 జనవరి 25న వచ్చిన స్లామర్‌ను చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది. ఆ వార్మ్ మొత్తం సైజు 376 బైట్లు. ఈ పేరాలో మొదటి మూడు వాక్యాలను తెలుగులో టైప్ చేసి దాచుకున్నా అంతకంటే ఎక్కువ జాగా పడుతుంది. అంత చిన్నది పది నిమిషాల్లో, తనకు లొంగే యంత్రాల్లో 90 శాతాన్ని ఆక్రమించింది. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు డబ్బులివ్వలేదు. దీనికి ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జూలైలోనే వచ్చింది. కానీ దాన్ని వేయాలంటే ఫైళ్లను చేత్తో మార్చుకుంటూ పోవాలి. పైగా స్లామర్‌కు దొరికిన ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ భాగం వేరే సాఫ్ట్‌వేర్ల లోపల కూర్చుని ఉండేది. తమ కంప్యూటర్‌లో అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. మైక్రోసాఫ్ట్ సొంత నెట్‌వర్క్‌కే తిప్పలు తప్పలేదు. అలాంటప్పుడు మామూలు ఆఫీసును నిర్లక్ష్యం అని తిట్టడం న్యాయం కాదు.

అదే ఏడాది ఆగస్టులో బ్లాస్టర్ అనే ఇంకో వార్మ్ వచ్చేసరికి ప్యాచ్‌కూ దాడికీ మధ్య నెల కూడా లేదు. ప్యాచ్‌కు ముందు ఫైలునూ తర్వాత ఫైలునూ పోల్చి చూస్తే లొసుగు ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే ప్యాచ్ విడుదలైన రోజు నుంచే వేయనివాడికి ప్రమాదం పెరుగుతుంది. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది, కనీసం ఆఫీసులు ముందుగా ప్లాన్ చేసుకోవచ్చని.

అయినా వానాక్రై జరిగింది. అందులో తప్పు వాడకందారుది మాత్రమే కాదు. ఆ లొసుగును అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కనిపెట్టి, సొంత నిఘా అవసరాలకు దాచుకుంది. దాన్ని వాడుకునే సాధనాన్ని షాడో బ్రోకర్స్ అనే ముఠా 2017 ఏప్రిల్‌లో బయటపెట్టింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులకు మార్చి, ఏప్రిల్‌లలోనే హెచ్చరికలు వెళ్లాయి. అయినా ఇంగ్లండ్‌లోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 80 దెబ్బతిన్నాయి, వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. స్కానింగ్ యంత్రం లోపలి విండోస్‌ను ముట్టుకోవాలంటే దాన్ని అమ్మిన కంపెనీ ఒప్పుకోవాలి. రోగులు క్యూలో ఉండగా రీస్టార్ట్ చేసే ధైర్యం ఎవరికుంటుంది?

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. జెరాక్స్ షాపులు, చిన్న ఆఫీసులు, ట్యూషన్ సెంటర్లలో అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌లో లైసెన్స్ లేని విండోస్ వేయించుకోవడం ఏళ్లుగా మామూలే. అప్‌డేట్ అయితే స్క్రీన్ నల్లగా మారి, ఇది అసలు కాపీ కాదని మెసేజ్ వస్తుంది. అందుకే ఫార్మాట్ కొట్టిన కుర్రాడే వెళ్తూ వెళ్తూ ఆటో అప్‌డేట్ ఆపేసి పోతాడు. ఓనరుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

అప్‌డేట్ అంటే భయం కూడా ఊరికే పుట్టలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడేసింది. ఆ రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అలాంటి రోజు చూసినవాళ్లు అప్‌డేట్‌ను నాలుగు రోజులు ఆపి చూద్దామనుకుంటే అర్థం చేసుకోవచ్చు. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యే దగ్గరే అసలు గండం.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మామూలు వాడకందారులు నమోదు చేసుకుంటే భద్రతా ప్యాచ్‌లు ఇంకో ఏడాది వస్తాయి, అంతే. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలు మన ఆఫీసుల్లో ఇంకా బోలెడున్నాయి. వాటికి చేసుకున్న ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాలు తీసి చూడండి: ప్రింటర్, కీబోర్డు, యూపీఎస్ బ్యాటరీ అన్నీ వరసగా రాసి ఉంటాయి. ప్యాచ్‌లు ఎవరు వేయాలి, ఎన్ని రోజుల్లో వేయాలి, వేసినట్టు ఎవరికి చూపించాలి అన్న మూడు లైన్లు ఈసారి రెన్యువల్‌లోనైనా రాయించాలి. దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వాలి కూడా.