పక్కవాళ్లు చూసే నిద్ర, తెర మీద కనిపించే నిద్ర: కొన్ని అపోహలు, వాస్తవాలు

నాది నల్లగొండలో రాత్రి డ్యూటీ. జనం పండుకుంటే నేను చూస్తూ కూర్చుంటాను. నిద్ర పరీక్ష చేసే టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. రిపోర్టు మీద సంతకం డాక్టర్‌గారిది. రాత్రి పదింటికి తలకు వైర్లు అతికించడం, పొద్దున ఆరింటికి పీకడం, మధ్యలో తెర మీద నుంచి కళ్లు తిప్పకపోవడం నా పని.

ఈ పనిలో రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. నిద్రను అందరూ బయట నుంచి కొలుస్తారు. కదలకుండా ఉన్నాడా, గురక వస్తోందా, ఎన్ని గంటలు మంచం మీద ఉన్నాడు, అంతే. లోపలి లెక్క చాలాసార్లు దానికి పూర్తిగా వేరుగా ఉంటుంది. నా చెవిన పదేపదే పడే మాటలు కొన్ని తీసుకుని చెప్తాను.

అపోహ: "నిద్రపోతే మెదడు కూడా పండుకుంటది"

పండుకోదు. పని మార్చుకుంటుంది, అంతే.

ముందు టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఆ చోట చర్మాన్ని కాస్త రుద్ది, చిన్న చిన్న గిన్నెల్లాంటి ఎలక్ట్రోడ్లు పేస్టుతో అతికిస్తాం. కళ్ల పక్కన రెండు, గడ్డం దగ్గర, కాళ్ల మీద కూడా ఉంటాయి. ఛాతీకి, పొట్టకు బెల్టులు. ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి క్లిప్పు. "ఇన్ని వైర్లు పెడితే నిద్రెట్ల పడ్తది సార్" అని అడగని మనిషి లేడు. దాదాపు అందరికీ పడుతుంది. మనిషి తల మీద నుంచి మెదడు కరెంటును మొదట గీతలుగా తీసింది జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ అనే డాక్టర్, 1924లో. మేం చేసేది ఇప్పటికీ అదే పని, కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది.

లైటు ఆర్పే ముందు "కళ్లు మూసుకోండి" అంటాను. మూయగానే తల వెనక భాగం గీతల్లో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల మొదలవుతుంది. దాన్ని ఆల్ఫా అంటాం. మనిషి మేలుకునే ఉన్నాడు, స్థిమితంగా ఉన్నాడు అని దానర్థం. కాసేపటికి ఆ అల చెదిరిపోతుంది, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి. ఇది మొదటి దశ. ఇక్కడ తట్టి లేపితే చాలామంది "నేనింకా నిద్రపోనే లేదు" అంటారు.

రెండో దశ నాకు ఇష్టం. అర సెకను, సెకను పాటు సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్లీ సన్నబడే అలల గుంపులు వస్తాయి. ఇంగ్లీషులో వాటికి కదురు పేరు పెట్టారు. మా పోచంపల్లి దిక్కు వాళ్లకైతే నూలు చుట్టిన కండె లాగా ఉంటాయని చెప్తే వెంటనే అర్థమవుతుంది. మెదడు లోపల థాలమస్ అనే భాగంలో ఇవి పుడతాయి. బయటి చప్పుళ్లు పైదాకా పోకుండా అడ్డుకోవడంలో, పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో నిలవడంలో వీటికి పాత్ర ఉంది. ఇదే దశలో కె-కాంప్లెక్స్ అని ఒక పెద్ద అల వస్తుంది. రోడ్డు మీద లారీ హారన్ కొట్టిందనుకోండి, పండుకున్న మనిషి వేలు కూడా కదపడు, తెర మీద మాత్రం ఠక్కున ఒక కె-కాంప్లెక్స్ లేస్తుంది. మెదడు ఆ చప్పుడు విన్నది, లేవాల్సినంత పని లేదని వదిలేసింది. అదే సొంత పేరు పెట్టి పిలిస్తే ఆ అలలు ఇంకా ఎక్కువ వస్తాయి. అంటే నిద్రలో కూడా వాచ్‌మన్ ఉన్నాడన్నమాట, పైగా మన పేరు తెలిసినవాడు.

మూడో దశ గాఢనిద్ర. సెకనుకు ఒకటీ రెండు మాత్రమే వచ్చే పెద్ద పెద్ద అలలు, లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట పక్కపక్కన పేర్చినట్టు. మెదడు చక్కెర వాడకం బాగా తగ్గేది ఇక్కడే. పిల్లల ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా ఊరేదీ ఇక్కడే. రాత్రి మొదటి భాగంలోనే ఈ దశ ఎక్కువ.

ఆ తర్వాత రెమ్, కలలు ఎక్కువగా వచ్చే దశ. గీతలు చూస్తే మేలుకున్న మనిషివే అనిపిస్తాయి, కళ్లు గబగబా కదులుతుంటాయి, గడ్డం కండరం గీత మాత్రం చచ్చుబడినట్టు సాపుగా ఉంటుంది. 1950ల మొదట్లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుక్కే ఎలక్ట్రోడ్లు పెట్టి పడుకోబెట్టాడు. నడిరాత్రి కంటి గీతలు గంతులేస్తుంటే పిల్లవాడు లేచాడనుకుని గదిలోకి పోయి చూశాడు. వాడు మంచి నిద్రలో ఉన్నాడు. 1953లో ఆ సంగతి అచ్చయ్యాక నిద్ర మొత్తం ఒకటే ముద్ద అనే మాట చెల్లకుండా పోయింది. రెమ్‌లో మెదడు ఖర్చు చేసే శక్తి మేలుకున్నప్పటికి దాదాపు సమానం.

ఈ నాలుగు దశల చుట్టు ఒకటి పూర్తి కావడానికి గంటన్నర, కాస్త అటూ ఇటూ. రాత్రికి నాలుగైదు చుట్లు. తెల్లవారుజామున వచ్చే చుట్లలో రెమ్ ఎక్కువ. మేం రాత్రిని 30 సెకన్ల పేజీలుగా చదువుతాం, ఎనిమిది గంటలంటే 960 పేజీలు. పేజీ పేజీకి దశ రాయాలి.

అపోహ: "గురక పెడ్తున్నడంటే మస్తు నిద్రల ఉన్నడు"

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. రైస్‌మిల్లులో గుమస్తా, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. వెంట వచ్చిన భార్య "మా ఆయనకేం సార్, పండుకుంటే ఇల్లు అదురుతది, నాకే నిద్ర లేదు" అని నవ్వింది. మరి పరీక్ష ఎందుకంటే, పగలు లెక్కల పుస్తకం మీదే తల వాల్చేస్తున్నాడట.

పదిన్నరకు లైటు ఆర్పాను. పది నిమిషాల్లో గురక మొదలైంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఛాతీ బెల్టు, పొట్ట బెల్టు గీతలు గుంజుకుంటూనే ఉన్నాయి, ముక్కు దగ్గర గాలి గీత మాత్రం తాడు పరిచినట్టు తిన్నగా ఉంది. నలభై సెకన్లు. ఆక్సిజన్ 95 నుంచి 81కి దిగింది. అప్పుడు మెదడు గీతల్లో నాలుగు సెకన్ల పాటు మెలకువ, పెద్ద శబ్దంతో ఒక గురక, ఆక్సిజన్ పైకి. నిమిషం తిరక్కుండానే మళ్లీ మొదలు. తెల్లారేదాకా ఇదే కథ, గంటకు యాభైకి పైనే. మూడో దశ రాత్రంతా వెతికితే రెండు మూడు పేజీలు దొరికింది. పొద్దున లేపి ఎట్లా పండుకున్నారని అడిగితే "ఫస్ట్‌క్లాస్" అన్నాడు.

గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది, స్లీప్ ఆప్నియా. పది సెకన్లు, అంతకుమించి గాలి ఆగితే ఒకటిగా లెక్క. గంటకు 30 దాటితే తీవ్రం. గురక పెట్టే ప్రతి ఒక్కరికీ ఇది ఉండదు. గురక మధ్యలో ఆగుతోందా, పగలు కునుకుతున్నారా అన్నవి చూడాలి. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్ ముక్కు నుంచి ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు ఇస్తున్న సీప్యాప్ మిషన్ అదే. మాస్కు చూసి చాలామంది భయపడతారు. మా గుమస్తా గారు కూడా నెల రోజులు గునిశాడు.

అపోహ: "రెండు సీసలు కల్లు తాగితే కమ్మటి నిద్ర"

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ మాట మీద నోరు మెదపడం కష్టం, ఎదుటివాళ్ల మొహాలు మారిపోతాయి. చెట్టు కల్లు మీద నాకూ ప్రేమే ఉంది. కానీ నిద్ర మందుగా అది పనికిరాదు. మత్తు మనిషిని త్వరగా పడుకోబెడుతుంది, మొదటి సగంలో గాఢనిద్ర కాస్త పెరుగుతుంది కూడా. రెమ్‌ను మాత్రం తొక్కేస్తుంది. మత్తు దిగాక రెండో సగమంతా ముక్కలు ముక్కలు. మూడింటికి మెలకువ, చెమట, మూత్రం, మళ్లీ పట్టని నిద్ర. గొంతు కండరాలను కూడా వదులు చేస్తుంది కాబట్టి ఆప్నియా ఉన్నవాళ్లకు ఆ రాత్రి మరీ చెడ్డది.

అసలు బాధ మందు కల్లుతో. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లకు కల్లు అని పేరు. తాగినవాళ్లు చెప్పకపోయినా ఈఈజీ, అంటే ఆ మెదడు గీతలు, చెప్పేస్తుంది. డైజిపాం రకం మందులు ఒంట్లో ఉంటే గీతలన్నిటి మీద సన్నటి, వేగమైన బీటా అలలు గరిక మొలిచినట్టు ఉంటాయి. రెండో దశ కండెలు ఎక్కువవుతాయి, గాఢనిద్ర గుట్టలు తగ్గుతాయి. ఒకసారి ఒక పెద్దాయన్ని "తాతా, నిద్రగోళీలు ఏమన్న వాడుతున్నవా" అని అడిగాను. "గోళీ లేదు, ఏం లేదు. పొద్దుమూకితే దుకాణం కాడ ఒక సీస" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. సీసాలో ఏముందో ఆయనకు తెలియదు.

ఇది చదివి ఎవరూ ఇంట్లో పెద్దవాళ్లకు రేపటి నుంచి కల్లు బంద్ అని చెప్పకండి. ఏళ్ల తరబడి అలవాటైన ఒంటికి ఒక్కసారి ఆపేస్తే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క పిచ్చిపిచ్చిగా మాట్లాడినవాళ్లను ఈ జిల్లాల్లో చాలామంది చూశారు. డాక్టర్ దగ్గర, మెల్లమెల్లగా తగ్గించాలి.

అపోహ: "గుండెల మీద దయ్యం కూసున్నది"

గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, చెయ్యి లేవదు, గొంతు పెగలదు, ఛాతీ మీద ఎవరో ఉన్నట్టు బరువు. తాయెత్తు కట్టించారు, చెర్వుగట్టు మీద అమావాస్య నిద్ర చేయించారు. గుడికి పోవద్దని నేను అనను. ఆ అమ్మాయి గుట్ట మీదైనా కడుపునిండా పండుకున్నదేమో.

రెమ్‌లో గడ్డం గీత సాపుగా ఉంటుందని చెప్పాను కదా. కలలో పరిగెత్తితే మంచం మీద కాళ్లు పరిగెత్తకుండా మెదడు కాండం కండరాలకు తాళం వేస్తుంది. ఒక్కోసారి మనిషి ముందు లేస్తాడు, తాళం తర్వాత తీస్తుంది. ఆ సెకన్లలో కల ముక్కలు కూడా కళ్ల ముందే తిరుగుతుంటాయి. బరువెందుకంటే ఊపిరిని అప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్యనుండే డయాఫ్రమ్ అనే కండరం ఒక్కటే లాగుతుంటుంది, పక్కటెముకల కండరాలు కలిసి రావు. నిద్ర చాలనివాళ్లకు, వేళాపాళా లేకుండా పండుకునేవాళ్లకు, వెల్లకిలా పండుకున్నప్పుడు ఎక్కువ వస్తుంది. సెకన్లలో, మహా అయితే నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది.

దీనికి ఎదురు తిరిగిన జబ్బు కూడా ఉంది. తాళమే పడదు. యాభై అరవై దాటిన మనిషి కలలో ఎవరితోనో కొట్లాడుతూ నిజంగానే పక్కనున్న భార్యను గుద్దుతాడు. ఇంట్లో నవ్వులాటగా చెప్పుకుంటారు కానీ ఇది కొందరిలో పార్కిన్సన్ జబ్బుకు ఏళ్ల ముందు కనిపించే గుర్తు. నరాల డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: "నిద్రల నడిచే పిల్లను లేపితే పానం పోతది"

పోదు. ఆ పిల్ల చాలాసార్లు కల కూడా కనడం లేదు. ఇది గాఢనిద్రలో సగం మెదడు లేచి సగం లేవని స్థితి. అందుకే రాత్రి మొదటి భాగంలో వస్తుంది, పొద్దున ఏమీ గుర్తుండదు. గట్టిగా కుదిపితే గాబరాపడి నెట్టేయవచ్చు, కాబట్టి భుజం పట్టుకుని మెల్లగా మంచం దాకా నడిపించండి. ఎండాకాలం డాబా మీద పండుకునే ఇళ్లలో పిట్టగోడ లేకపోతే ఆ పిల్లను కిందే పడుకోబెట్టండి. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో దానంతటదే పోతుంది.

అపోహ: "కండ్లు తెరిచే ఉన్నయి, నిద్రెట్లయితది"

విజయవాడ రోడ్డు మీద లారీ నడిపేవాళ్లు అనే మాట ఇది. రెప్పలు సగం తెరిచి ఉండగానే మూడు నుంచి పదిహేను సెకన్ల పాటు మెదడు మొదటి దశలోకి జారిపోతుంది, తెలియను కూడా తెలియదు. ఎనభై వేగంలో ఐదు సెకన్లంటే 110 మీటర్లు, స్టీరింగ్ మీద మనిషి లేకుండా. రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఒంటి గడియారమే నిద్ర వైపు లాగుతుంది. పాటలు, కిటికీ గాలి దాన్ని ఆపలేవు. నకిరేకల్ దగ్గరో సూర్యాపేట దగ్గరో బండి పక్కకు ఆపి, చాయ్ తాగి, ఇరవై నిమిషాలు పండుకోవాలి. చాయ్ ఎక్కడానికి కూడా అంతే టైం పడుతుంది.

"రాత్రంత రెప్ప ఎయ్యలే బిడ్డా"

దీన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు. కొత్తలో ఒక అవ్వకు పొద్దున్నే గ్రాఫ్ చూపించి "ఐదు గంటలు పండుకున్నవు అవ్వా" అన్నాను, గొప్పగా. "నా నిద్ర నీ మిషన్ చెప్తదా?" అని కోపానికొచ్చింది. తర్వాత ఆ పేజీలు మళ్లీ తిరగేశాను. ఐదు గంటలూ నిజమే, కానీ గుట్టలు దాదాపు లేవు, ముప్ఫైసార్లకు పైనే చిన్న చిన్న మెలకువలు. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గి పలచటి దశలు మిగులుతాయి. మధ్యలోని నిద్ర గుర్తుండదు, మెలకువలే గుర్తుంటాయి. అవ్వ చెప్పింది ఆ మెలకువల లెక్క. చేతి వాచీలో "డీప్ స్లీప్ 40 నిమిషాలు" అని చూసి టెన్షన్ పడేవాళ్లకు కూడా ఒక మాట. వాచీకి మెదడు గీతలు అందవు, నాడి, కదలిక చూసి అంచనా వేస్తుంది. నిద్రపోయిన గంటలు కొంత నయంగా చెప్తుంది, దశల దగ్గర తడబడుతుంది.

పరీక్షకు రాసిచ్చినవాళ్లు దయచేసి తలస్నానం చేసి రండి, కొబ్బరి నూనె పెట్టకండి. నూనె ఉంటే పేస్టు అంటదు, అర్ధరాత్రి ఒక్కో గిన్నె ఊడుతుంటుంది, నేను వచ్చి మిమ్మల్ని లేపాల్సి వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం కునుకు వద్దు, భోజనం తర్వాత చాయ్ వద్దు. వాడే గోళీల చీటీ తెచ్చుకోండి. ఇంట్లో వాడే దిండు కూడా తెచ్చుకోండి, మా దగ్గరివి గట్టిగా ఉంటాయి.