1884 ప్రావిడెన్స్ గ్రేస్: అపోహలు - వాస్తవాలు, ఒక స్కోరర్ మాటల్లో

బేస్‌బాల్ మ్యాచ్‌లకు స్కోర్ రాయడం నా పని. స్కోరింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కడో చూసొచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఒక్క సీజన్‌లో ఒకే పిచ్చర్ 60 మ్యాచ్‌లు గెలిపించాడట, నిజమేనా?" పిచ్చర్ అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడు. వాళ్లు అడిగేది చార్లెస్ రాడ్‌బోర్న్ గురించి. 1884లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం నుంచి అతని జట్టు ప్రావిడెన్స్ గ్రేస్ 84 గెలుపులు, 28 ఓటములతో, అక్కడి పెద్ద బేస్‌బాల్ లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో ఛాంపియన్ అయింది. నాకు ప్రాణమైన సీజన్ అది. అందుకే దాని మీద తప్పుడు మాట వింటే ఊరుకోలేను.

అపోహ: ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ రాడ్‌బోర్న్ ఒక్కడే వేశాడు.

వాస్తవం: అన్నీ కాదు. అతను మొదలుపెట్టినవి 73 మ్యాచ్‌లు. ఆ 73నీ చివరి అవుట్ దాకా తనే వేశాడు, నన్నడిగితే అసలు విశేషం ఇదే. మొత్తం 678.2 ఇన్నింగ్స్, 441 స్ట్రైకవుట్లు (అంటే మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటవడం). (ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు కాబట్టి, పాయింటు తర్వాత 2 అంటే ఇంకో రెండు అవుట్లు అని అర్థం. క్రికెట్ ఓవర్ల లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది.)

సీజన్ మొదట్లో అతనితో పాటు బరువు మోసిన పిచ్చర్ చార్లీ స్వీనీ. జూన్ 7న బోస్టన్ మీద 19 స్ట్రైకవుట్లు చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 20 చేసిన మొదటి మనిషి రోజర్ క్లెమెన్స్, అదీ 1986లో. అంతటి పిచ్చర్ స్వీనీ. అతని పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

జులై 22న ఫిలడెల్ఫియాతో ఆట సాగుతుండగా, బంతి ఇంకో పిచ్చర్ మిల్లర్‌కిచ్చి ఫీల్డింగ్‌కి వెళ్లమని స్వీనీతో అన్నాడు మేనేజర్ ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్. స్వీనీ ఒప్పుకోలేదు, మైదానం వదిలి వెళ్లిపోయాడు. గాయమైతే తప్ప ఇంకొకర్ని దించే వీలు ఆ రోజుల్లో లేదు. తొమ్మిది మంది ఆడే ఆటలో ఎనిమిది మందితో మిగిలిన ఇన్నింగ్స్ లాక్కొచ్చి ఓడిపోయారు. స్వీనీని జట్టు వెళ్లగొట్టింది.

అపోహ: జట్టు కష్టం చూసి రాడ్‌బోర్న్ త్యాగానికి సిద్ధపడ్డాడు.

వాస్తవం: అప్పటికి అతను సస్పెన్షన్‌లో ఉన్నాడు. బోస్టన్‌తో ఓడిన మ్యాచ్‌లో కావాలనే పేలవంగా వేశాడన్న ఆరోపణ మీద జులై మధ్యలోనే పక్కన పెట్టారు. స్వీనీ పోయాక అతను బేరం పెట్టాడు: మిగతా సీజన్ నేను వేస్తాను, అదనంగా డబ్బివ్వండి, సీజన్ అయ్యాక నన్ను స్వేచ్ఛగా వదలండి. అప్పటి 'రిజర్వ్' నిబంధన ప్రకారం క్లబ్ అట్టిపెట్టుకున్న ఆటగాడు వేరే జట్టుకు పోలేడు. కాబట్టి ఆ రెండో షరతు డబ్బుకన్నా పెద్దది. క్లబ్ సరేనంది. తన చేతి కష్టానికి తగిన ధర అడిగాడు, అడిగినందుకు చేసి చూపించాడు. దాన్ని త్యాగమని పిలిస్తే అతని తెలివిని తక్కువ చేసినట్టు. చివరికి 1885లోనూ ప్రావిడెన్స్‌కే ఆడాడు, అది వేరే సంగతి.

అపోహ: అప్పటి పిచ్చింగ్ సులువు, చేతికి శ్రమే ఉండేది కాదు.

వాస్తవం: సులువైనవీ ఉన్నాయి, కష్టమైనవీ ఉన్నాయి. పిచ్చర్ గీత బ్యాటర్‌కు 50 అడుగుల దూరంలోనే ఉండేది. ఇప్పటి 60 అడుగుల 6 అంగుళాలు 1893లో వచ్చాయి. అది అనుకూలం. కానీ బ్యాటర్ ఫౌల్ కొడితే, అంటే బంతిని హద్దు గీతల బయటికి కొడితే, స్ట్రైక్ కింద లెక్కేసేవాళ్లు కాదు. బంతి పైకి కావాలో కిందికి కావాలో బ్యాటరే అడిగేవాడు, అలాగే వెయ్యాలి. వెనక ఫీల్డర్లలో చాలామంది ఉత్త చేతులతో ఆడేవాళ్లు.

ఇక చేయి సంగతి. ఆ సీజన్ చివర్లో పొద్దున లేస్తే తల దువ్వుకోవడానికి కూడా అతని చేయి లేచేది కాదని చెప్పుకునేవారు. అందరికన్నా ముందు మైదానానికి వచ్చి, నాలుగడుగుల దూరం నుంచి బంతిని కింది నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టేవాడట. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, చేయి వేడెక్కేకొద్దీ దూరం పెంచుకుంటూ పోయేవాడు. అవుట్‌ఫీల్డ్ (మైదానంలో దూరంగా ఉండే భాగం) నుంచి నేరుగా విసరగలిగేదాకా వచ్చాడంటే ఆ రోజు మ్యాచ్ వేస్తాడన్నమాట. మ్యాచ్ షీట్‌లో ఇదేదీ కనిపించదు. పిచ్చర్ గడిలో ఒక్క పేరే ఉంటుంది.

అపోహ: 1884లో గ్రేస్ గెలిచింది మొదటి వరల్డ్ సిరీస్.

వాస్తవం: ఇప్పటి వరల్డ్ సిరీస్, అంటే రెండు పెద్ద లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్, 1903లో మొదలైంది. 1884 అక్టోబర్ 23, 24, 25 తేదీల్లో న్యూయార్క్‌లో జరిగినవి రెండు లీగ్‌ల విజేతలు ఒప్పందం చేసుకుని ఆడిన మూడు మ్యాచ్‌లు. న్యూయార్క్ మెట్రోపాలిటన్స్ మీద గ్రేస్ 6-0, 3-1, 12-2తో గెలిచింది. మూడూ రాడ్‌బోర్నే వేశాడు. మూడో రోజు చలికి చూడ్డానికి వచ్చినవాళ్లు సుమారు మూడు వందల మంది.

అపోహ: అతని గెలుపులు 60.

వాస్తవం: కొన్ని పుస్తకాల్లో 60, కొన్నింట్లో 59. రెండూ చూసి అయోమయపడకండి. తేడా అంతా జులై 28న ఫిలడెల్ఫియాతో ఆడిన ఒక్క మ్యాచ్‌ది. మిల్లర్ మొదలుపెట్టి ఐదు ఇన్నింగ్స్ వేశాడు, గ్రేస్ ముందంజలో ఉండగా పిచ్చింగ్ నుంచి తప్పుకున్నాడు. మిగతాది రాడ్‌బోర్న్ ముగించాడు. ఏ పిచ్చర్ ఖాతాలో గెలుపు వేయాలో అప్పుడు రాసిపెట్టిన నియమం లేదు. తర్వాత లెక్క కట్టినవాళ్లు కొందరు బాగా వేసిన రాడ్‌బోర్న్‌కి ఇచ్చారు. ఇప్పటి నియమం పెడితే అది మిల్లర్‌దే.

క్లాసులో ఈ మ్యాచ్ వివరాలు బోర్డు మీద రాసి, ఖాళీ షీట్లు పంచి, గెలుపు ఎవరి పేరు పక్కన రాస్తారో మీరే తేల్చండంటాను. అరగంట వాదించుకుంటారు. నా నోట్‌బుక్‌లో మాత్రం 59 అనే ఉంది, దాని పక్కన మిల్లర్ పేరు కూడా.