లిచీ గొడవలో మారిషస్ గబ్బిలం

మారిషస్‌లో పండ్ల గబ్బిలాలను ప్రభుత్వమే తుపాకులతో కాల్పించింది. 2015, 2016లలో రెండు విడతలుగా చంపినవి 38 వేలకు పైనే. ముప్పులో ఉన్న జీవుల ఎర్ర జాబితాలో 2013 నాటికి ఒక మెట్టు కింద ఉన్న ఈ జాతిని, ఆ జాబితా తయారుచేసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2018లో ‘అంతరించే ప్రమాదమున్న’ వర్గంలో చేర్చింది. అదే ఏడాది మూడో విడత వేట సాగింది.

తగువంతా లిచీ, మామిడి దగ్గర. విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కు కాయ తోలే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. బంగినపల్లిని ముదిరిన పచ్చికాయగా కోసి తర్వాత మాగేస్తాం. లిచీకి ఆ వీల్లేదు. కోశాక మాగదు కాబట్టి చెట్టు మీదే ఎర్రబడాలి. గబ్బిలం వచ్చేదీ సరిగ్గా అప్పుడే. పైగా అక్కడ పెరటి చెట్లు బాగా ఎత్తు పెరిగిపోయాయి, వల కప్పడానికి అందవు.

అసలు నష్టం అంతకు చాలా ముందే జరిగింది. 1638లో డచ్చివాళ్లు దిగినప్పటి నుంచి అడవి కొట్టేస్తూ వచ్చారు, తర్వాత చెరకు వేశారు. మన కోరంగి రేవు నుంచి కూలీలు వెళ్లింది ఆ చెరకు పనికే. ఇప్పుడు మంచి స్థానిక అడవి 5 శాతం కూడా లేదు. డోడో పక్షులు, పెద్ద తాబేళ్లు అంతరించిపోయాక అక్కడి అడవి చెట్ల పెద్ద గింజలను మోసుకెళ్లేది ఈ గబ్బిలమే. అది ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. అన్ని వేలు చంపితే ఆ లోటు ఎప్పటికి పూడుతుంది?

ఇంతా చేసి రైతు రాబడి పెరగలేదు. పక్షులు, ఎలుకలు, గాలి రాల్చిన కాయ కూడా గబ్బిలం లెక్కలోనే పడుతుంది మరి.

మన దేశంలోనూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హానికర జీవుల షెడ్యూలులో పెట్టింది. 2022 సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది.

పంటను కాపాడేది వల, అదీ సరిగ్గా కడితేనే. కొమ్మల మీద ఊరికే పరిస్తే గబ్బిలం పైన వాలి సందుల్లోంచే కొరుకుతుంది. వదులు నైలాన్ దారమైతే రెక్క చిక్కుకుని చస్తుంది. పైపులతో పందిరి వేసి, కొమ్మకూ వలకూ ఎడం ఉంచి, బిగుతుగా లాగి, అంచులు నేలదాకా దించి కట్టాలి. వల కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదు, చిటికెనవేలు దూరకూడదు. ఈ జాతి కళ్లతోనే దారి చూసుకుంటుంది, అందుకే తెల్ల వల మేలు. చెట్టును ఏటా కత్తిరించి పొట్టిగా ఉంచకపోతే ఏ పందిరీ అందదు. ఎత్తు తగ్గించలేని మామిడికి కాయకో కాగితం కవరు తొడగడమే దారి.