హ్యాండిల్ మూడు సెంటీమీటర్లు పైకెత్తితే

శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, దీపస్తంభం దగ్గర దిగి టీ గ్లాసు అందుకున్నాను. గ్లాసు వేడి బొటనవేలికీ చూపుడు వేలికీ తెలిసింది. ఉంగరం వేలికి, చిటికెన వేలికి తెలియలేదు. ఆ రెండు వేళ్లూ నావి కానట్టే ఉన్నాయి. చెయ్యి విదిలించాను, పిడికిలి బిగించి తెరిచాను. పావుగంటకి చీమలు పాకినట్టు మొదలై, మెల్లగా స్పర్శ వచ్చింది. విషయం విని అమ్మ కంగారుపడి షుగర్ పరీక్ష చేయించుకోమంది. చేయించాను, షుగర్ లేదు. తర్వాతి ఆదివారం మళ్లీ అదే తిమ్మిరి, అవే రెండు వేళ్లు.

ఆ మరుసటి వారం నాన్నగారి పాత రాడ్ బ్రేకుల సైకిల్ తీసుకుని అదే దారిలో వెళ్లాను. బరువైన బండి. గేర్లు లేవు. కాళ్లు నొప్పులు పుట్టాయి గానీ వేళ్లకి ఏమీ కాలేదు. ఆయన ఆ సైకిల్ మీదే ఏళ్ల తరబడి ఆమదాలవలసకి డ్యూటీకి వెళ్లొచ్చారు. చేతులు తిమ్మిరెక్కాయని ఆయన అనగా ఒక్కసారి కూడా వినలేదు. ఇంటికొచ్చి రెండు సైకిళ్లనీ వసారాలో పక్కపక్కన నిలబెట్టి టేపుతో కొలిచాను. నాన్న సైకిల్ హ్యాండిల్ సీటు కంటే 9 సెంటీమీటర్లు పైన ఉంది. నాది సీటు కంటే 4 సెంటీమీటర్లు కిందికి ఉంది. నాకు జబ్బేమీ లేదని, ఉన్న తేడా ఈ 13 సెంటీమీటర్లేనని అప్పుడే అనిపించింది.

మోచెయ్యి గోడకి తగిలినప్పుడు కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది కదా, అక్కడ ఉండేది అల్నార్ నాడి. అది ముంజేతి వెంట కిందికి దిగి, మణికట్టు దాటాక చిటికెన వేలు వైపు అరచేతి మొదట్లో రెండు చిన్న ఎముకల మధ్య నుంచి వెళ్తుంది. ఆ ఇరుకు సందుని 1861లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు గుయాన్ పేరు మీద గుయాన్ కాలువ అంటారు. చిటికెన వేలికీ, ఉంగరం వేలులో సగానికీ స్పర్శ తెచ్చేది ఈ నాడే. అక్కడ దానికి పైన పెద్ద రక్షణ లేదు. హ్యాండిల్ మీద చెయ్యి ఆనించి బరువంతా మోపితే సరిగ్గా ఆ చోటే నలుగుతుంది. గంటల తరబడి నలిగితే తిమ్మిరి. వైద్యులు దీన్ని సైక్లిస్ట్ పాల్సీ అంటారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది వేరే నాడి. మణికట్టు మధ్యలోంచి వెళ్లే ఆ మీడియన్ నాడి మణికట్టు బాగా వంగి ఉన్నప్పుడు నొక్కుకుపోతుంది. సైకిల్ దిగిన తర్వాత కూడా తిమ్మిరి రోజుల తరబడి పోకపోయినా, చేతిలో పట్టు తగ్గినా పానా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంతకీ ఆ బరువు చేతుల మీదికి ఎలా వస్తుంది? సైకిల్ మీద మన శరీరం ఆనేది మూడు చోట్ల: సీటు, పెడళ్లు, హ్యాండిల్. నిటారుగా కూర్చుంటే బరువు చాలావరకు సీటు మీదే ఉంటుంది. ముందుకి వంగితే తల, మొండెం, చేతులు అన్నీ నడుము కంటే ముందుకి వచ్చేస్తాయి. ఒంటి బరువులో సగానికి పైగా ఉండేది ఆ పైభాగంలోనే. ముందుకి పడిపోకుండా దాన్ని ఏదో ఒకటి ఆపాలి.

దీనికో చిన్న పరీక్ష ఉంది. కుర్చీ అంచున కూర్చుని, చేతులు దేనికీ ఆనించకుండా బాగా ముందుకి వంగండి. పాదాలు నేలకి గట్టిగా అదిమినంతసేపూ వంగి ఉండగలరు. అలా వంగి ఉండగానే పాదాలు నేల నుంచి కొద్దిగా ఎత్తి చూడండి. చేతులు వాటంతటవే బల్ల కోసమో మోకాలి కోసమో వెతుక్కుంటాయి. సైకిల్ మీదా ఇదే జరుగుతుంది. పెడల్‌ని మనం ఎంత బలంగా కిందికి తొక్కితే అది మనల్ని అంత బలంగా పైకి తోస్తుంది. పెడల్ నడుము కంటే ముందు ఉంది కాబట్టి ఆ తోపు ముందుకి వాలిన మొండేన్ని నిలబెడుతుంది. రేసుల్లో తొక్కేవాళ్లు హ్యాండిల్ మీదకి పడుకున్నట్టు వంగినా చేతులు తేలిగ్గా ఉండటానికి ఒక కారణం ఇదే. వాళ్ల బరువు వాళ్ల కాళ్లే మోస్తున్నాయి. మనం ఆదివారం పొద్దున్న కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా తొక్కుతాం. కాళ్ల తోపు తక్కువ. మిగిలిన బరువంతా అరచేతులకి చేరుతుంది. రేసు సైకిల్ భంగిమని నెమ్మది తొక్కుడుకి తగిలించడమే నేను చేసిన పొరపాటు. కొన్నచోట రంగు చూశాను, గేర్లు చూశాను, హ్యాండిల్ ఎత్తు చూడలేదు. దాని గురించి నన్ను ఎవరూ అడగనూ లేదు.

మెడ సంగతీ ఇలాంటిదే. మనిషి తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. వంగి కూర్చుని రోడ్డు చూడాలంటే తల వెనక్కి ఎత్తి ఉంచాలి, మెడ వెనక కండరాలు దారంతా బిగిసి ఉంటాయి.

వంగితే గాలి తక్కువ తగులుతుంది కదా అని అడుగుతారు. నిజమే, కానీ ఎంత? గాలి అడ్డుకునే బలం వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది, దాన్ని దాటడానికి పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. నేను లెక్క వేసి చూసుకున్నాను. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో నిటారుగా కూర్చున్నవాడు గాలి కోసం సుమారు 26 వాట్లు ఖర్చు పెడితే, బాగా వంగినవాడు అందులో సగం పెడతాడు. మిగిలేది 13 వాట్లు. అదే 30 కిలోమీటర్ల వేగంలో మిగిలేది వంద వాట్ల పైమాట. మన వేగానికి ఆ పదమూడు వాట్ల కోసం వేళ్లు పోగొట్టుకోనక్కర్లేదు. ఒక్క ఎదురుగాలి మాత్రం ఈ లెక్క మార్చేస్తుంది. మధ్యాహ్నం వేళ కళ్లేపల్లి వైపు సముద్రం దిక్కుగా పోతుంటే గాలి 15 కిలోమీటర్ల వేగంతో మొహానికి కొట్టిందనుకోండి. మనం 15లో తొక్కినా గాలికి మాత్రం 30లో వస్తున్నట్టే లెక్క, అడ్డు నాలుగు రెట్లు. అప్పుడు వంగాలి. ఎత్తు హ్యాండిల్ ఉన్నా మోచేతులు మడిచి కాసేపు వంగొచ్చు. తక్కువ ఎత్తు హ్యాండిల్ పట్టుకుని నిటారుగా కూర్చోవడం మాత్రం కుదరదు.

పానా పట్టుకునే ముందు సీటు చూసుకోవాలి. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు చాచినట్టు నిటారుగా రావాలి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకి జారుతూనే ఉంటాడు, ఆ జారుడు ఆపేవి చేతులే. చాలామందికి హ్యాండిల్ కదపకుండా సీటు సమంగా పెడితేనే సగం బాధ తీరుతుంది. సీటు ఎత్తితే హ్యాండిల్ దానంతటదే కిందికి పోయినట్టవుతుంది కాబట్టి ముందు సీటు, తర్వాతే హ్యాండిల్.

1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో దేశమంతా నింపిన నల్ల సైకిళ్లలో హ్యాండిల్ మెడ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. పైన కనిపించే బోల్టు ఆ మెడ అడుగు దాకా వెళ్లి ఒక కోను ముక్కని పట్టుకుంటుంది. బోల్టు బిగిస్తే కోను పైకి లేచి మెడని లోపల్నుంచి వెడల్పు చేస్తుంది, గొట్టానికి కరుచుకుంటుంది. నాన్న సైకిల్‌కి నూనె పెట్టించడానికి తీసుకెళ్లినప్పుడు షాపు మేస్త్రీని ఇది విప్పి చూపించమని అడిగాను. ఆయన బోల్టు రెండు మూడు చుట్లు వదులు చేశాడు. హ్యాండిల్ కదల్లేదు. "తుప్పు పట్టేసి ఉంటాది బాబూ, లాగితే రాదు" అని, బోల్టు తల మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. లోపల కోను కిందికి జారిన టక్ మనే శబ్దం వినిపించింది. ఆ తర్వాత చేత్తోనే హ్యాండిల్ లేచింది. మెడ మీద చెక్కిన గీత బయటికి కనపడకూడదు. గీత దాటి ఎత్తితే లోపల పట్టు చాలక ఎప్పుడో గుంతలో విరుగుతుంది. గీత చెరిగిపోతే కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉంచాలి. ఫోర్కు గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, నాలుగు సెంటీమీటర్లు ఎత్తితే హ్యాండిల్ ఒక సెంటీమీటరు పైగా మన వైపుకీ వస్తుంది. వీపుకి అదీ మేలే.

రాడ్ బ్రేకుల సైకిల్‌కి మాత్రం ఇక్కడితో అయిపోదు. బ్రేకు రాడ్లు హ్యాండిల్‌కే వేలాడుతుంటాయి, ముందు బ్రేకు రబ్బర్లు చక్రం రిమ్ముకి కింద నుంచి ఆనుకుంటాయి. హ్యాండిల్ లేస్తే రాడ్డూ లేస్తుంది, రబ్బర్లు రిమ్ముని పట్టేస్తాయి. మేస్త్రీ చక్రం తిప్పబోతే తిరగలేదు. రాడ్డు బిగింపు వదిలి, లేచిన మేర సర్ది, మళ్లీ బిగించాడు.

కొత్త సైకిళ్లలో కోను లేదు. హ్యాండిల్‌ని పట్టే మెడ ముక్క, అంటే స్టెమ్, ఫోర్కు గొట్టాన్ని బయట్నుంచి కౌగిలిస్తుంది, పక్కనున్న రెండు ఎలెన్ బోల్టులే దాన్ని పట్టి ఉంచుతాయి. పైన మూత బోల్టు బేరింగుల వదులు తీయడానికే. ఎత్తు సర్దడానికి గొట్టానికి తొడిగే రింగులు స్టెమ్ పైన ఉంటే తీసి కిందికి మార్చొచ్చు. నా సైకిల్‌కి పైన రింగుల్లేవు. స్టెమ్ విప్పి తలకిందులు చేశాను. ఏడు డిగ్రీలు కిందికి వంగిన పది సెంటీమీటర్ల స్టెమ్ తిరగేస్తే రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు వస్తుంది. కొద్దిగా పైకి వంపున్న హ్యాండిల్ వేశాను, మొత్తం మూడు సెంటీమీటర్లు. ముందు మూత బోల్టు మెత్తగా, తర్వాత పక్క బోల్టులు గట్టిగా బిగించాలి. ఈ వరస తప్పితే బేరింగు బిగిసిపోతుంది, లేదా ఊగుతుంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ కుదిపితే టకటక అనకూడదు. చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పితే జారకూడదు. రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు బ్రేకు తీగ లాగుకుపోకూడదు.

మరీ ఎత్తు పెట్టుకోవడమూ మంచిది కాదు. పూర్తిగా నిటారుగా కూర్చుంటే ప్రతి గుంత దెబ్బా వెన్నులోకి నేరుగా ఎక్కుతుంది. నాన్న సైకిల్ సీటు కింద అంత లావు స్ప్రింగులు ఉన్నది అందుకే.

తర్వాతి ఆదివారం కళింగపట్నంలో టీ గ్లాసు ఐదు వేళ్లకీ చుర్రుమంది. ఆపై వారం కళ్లేపల్లి ఎదురుగాలిలో తొక్కి, ఒక రింగు పైకి మార్చి ఐదు మిల్లీమీటర్లు దించాను. ఇప్పుడు ఆ ఎత్తు దగ్గరే ఉంది, సీటు ఎత్తు కూడా మారకుండా సీటు గొట్టానికి చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాను.