పిల్లికి గజ్జి: అపోహలు - వాస్తవాలు

గజ్జితో నా దగ్గరికి వచ్చే పిల్లుల్లో ఒట్టి ఒంటితో వచ్చేవి తక్కువ. వేపనూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, డెట్టాల్, ఒక్కోసారి బండి ఇంజన్ ఆయిల్ కూడా పూసుకుని వస్తాయి. గజ్జి నెలల తరబడి ముదిరితే తప్ప పిల్లి ప్రాణం మీదికి రాదు. పూసిన మందు మాత్రం ఒక్క పూటలో తెస్తుంది. పిల్లి ఒంటి మీద ఏది పడినా నాకేస్తుందని గుర్తుపెట్టుకోండి. చర్మానికి పూశామనుకుంటాం గానీ, సగం కడుపులోకే పోతుంది.

అపోహ: మాకు చర్మ డాక్టర్ రాసిన గజ్జి క్రీమ్ పిల్లికీ పనికొస్తుంది.

గజ్జి పురుగు చస్తుంది, నిజమే. వెనకాలే పిల్లి కూడా పోవచ్చు. ఆ క్రీముల్లో ఎక్కువగా ఉండేది 5 శాతం పెర్మెత్రిన్. మన కాలేయం, కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తాయి. పిల్లి కాలేయంలో ఆ పనికి కావాల్సిన ఎంజైములు చాలినన్ని ఉండవు. మందు ఒంట్లోనే ఉండి నరాల మీద పడుతుంది.

ఒక మే నెలలో కొర్లగుంట నుంచి ఒకావిడ పిల్లిని తువ్వాలులో చుట్టుకుని వచ్చింది. ముందు చెవుల కొసలు అదురుతున్నాయి. చూస్తుండగానే మూతి, తర్వాత ఒళ్లంతా. "చలేస్తోందేమో సార్" అంది. మే నెలలో, తిరుపతిలో! ముందు ఫిట్స్ తగ్గే మందులిచ్చి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో జిడ్డంతా కడిగి, రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటే బతికింది.

కుక్కల మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్ని, గోమార్లకు ఆవుల మీద కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ కూడా ఇదే కుటుంబం. కుక్కల గజ్జికి వాడే అమిట్రాజ్ వేరే రకం, అదీ పిల్లికి పడదు. "కుక్కకు వేసిందాంట్లో సగం వేశాం సార్" అంటుంటారు. సగం కాదు, ఆ మందే పిల్లిది కాదు.

అపోహ: ఆవుకు వేసే ఇంజెక్షన్ ఇంట్లోనే ఉంది, ఒక చుక్క వేస్తే చాలు.

మన చిత్తూరు వైపు పాడి లేని ఊరు తక్కువ, కాబట్టి ఈ మాట తరచూ వింటాను. ఐవర్‌మెక్టిన్‌ను మేమూ పిల్లులకు వాడతాం. చిక్కంతా లెక్కలో ఉంది. ఆవులకు వాడే 1 శాతం మందు 50 కిలోల బరువుకు 1 మి.లీ. మూడు కిలోల పిల్లికి అదే లెక్కన 0.06 మి.లీ. మిల్లీలీటరులో నూటికి ఆరు వంతులు, అంతే. ఆవు సిరంజితో అంత కొలవడం ఎవరి వల్లా కాదు. చెయ్యి జారి అర మి.లీ. పడితే ఎనిమిది రెట్లు ఎక్కువైనట్టు. పాలు తాగే పిల్ల అయితే ఇంకా ప్రమాదం.

ఇప్పుడు దీనికన్నా సులువైనవి ఉన్నాయి. సెలామెక్టిన్, లేదా ఇమిడాక్లోప్రిడ్‌తో కలిపిన మాక్సిడెక్టిన్. పిల్లుల కోసమే తయారైన చుక్కల మందులివి. బరువు చూసి, మెడ వెనక నాలుక అందని చోట వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీదే పడేట్టు వేయాలి. ఆరేదాకా ఇంకో పిల్లి దాన్ని నాకకుండా చూసుకోవాలి.

అపోహ: చికెన్ పెడితే వేడి చేసి గజ్జి వచ్చింది.

పాపం చికెన్. గజ్జికి కారణం కంటికి కనిపించని ఒక పురుగు, పేరు నోటోయెడ్రిస్. ఇంకో పిల్లిని రాసుకున్నప్పుడు అంటుకుంటుంది. మొదట చెవుల అంచుల మీద బూడిద రంగు పక్కులు కడతాయి, అక్కణ్నుంచి మొహం, మెడ, పాదాలు. ఆ పక్కును కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెడితే, పొట్టి కాళ్లతో గుండ్రంగా కదులుతూ కనిపిస్తుంది. నమ్మనివాళ్లను నేను పిలిచి చూపిస్తాను. చూశాక చికెన్ మాట ఎత్తరు.

అయితే దురదంతా గజ్జి కాదు. తామర కావచ్చు, గోమార్లు కావచ్చు. అందుకే గీకి చూడకుండా దురద తగ్గడానికి స్టెరాయిడ్ వేయించుకోవద్దు. తామర ఉంటే అది ఇంకా పాకుతుంది.

అపోహ: చెవిలో నల్ల మురికిని బడ్‌తో తీసేస్తే పోతుంది.

ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పిప్పిలా ఉంటే అది చాలావరకు చెవి పురుగు పనే. బడ్ దాన్ని ఇంకా లోపలికి నెడుతుంది. పైన చెప్పిన పిల్లుల చుక్కల మందే దీనికీ పనిచేస్తుంది.

అపోహ: గంధకం పాత కాలం వైద్యం, పనిచేయదు.

పనిచేస్తుంది! సున్నంతో కలిపి తయారుచేసే లైమ్ సల్ఫర్ ద్రావణాన్ని సరైన పాళ్లలో పలచన చేసి వారానికోసారి పిల్లి ఒంటిని తడుపుతారు, పిల్లి కూనలకు కూడా. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, బట్టకు మరక పడుతుంది. ఇంట్లో నూనెలో పొడి కలిపి పూయడం మాత్రం వేరే సంగతి, దానికి కొలతా ఉండదు, నాకకుండా ఆపడమూ కుదరదు.

అపోహ: దురద తగ్గింది, ఇక మందు అక్కర్లేదు.

చాలా మందులు గుడ్లను చంపలేవు. అవి పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు. అందుకే రెండో విడత తప్పదు. ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ ఒకేసారి వేయాలి, బాగున్నవాటికి కూడా. పడుకునే గుడ్డలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పిల్లి ఒంటిని వదిలాక ఆ పురుగు కొద్ది రోజులకు మించి బతకదు. వీధిలోంచి కొత్త పిల్లను తెస్తే డాక్టరుకు చూపించి, రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి.

మీ చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు వస్తే టెన్షన్ పడొద్దు. ఆ పురుగు మన చర్మం మీద సంతానం పెంచుకోలేదు. పిల్లికి నయమైతే కొన్ని వారాల్లో మీకూ తగ్గిపోతుంది. తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించుకుని, ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి.

పిల్లిని తెచ్చే ముందు ఏమీ పూయకండి. ఇప్పటికే పూసి ఉంటే ఆ ట్యూబులు, సీసాలు సంచిలో వేసుకుని రండి. తిట్టను.